విశ్వాస నేపథ్యమున్న విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్ కౌన్సెలింగ్ పీహెచ్‌డీ: ఎంపిక నుంచి పట్టా వరకు ఏం చేయాలి, ఎలా సరిచూసుకోవాలి

అమెరికాలో స్థిరపడిన తెలుగు కౌన్సెలర్లు, చర్చి పరిచర్యలో ఉంటూ కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ చేసినవారు, ఇండియా నుంచి ఎంఎస్సీ సైకాలజీ పట్టాతో వెళ్లి మళ్లీ చదువు మొదలుపెట్టాలనుకునే గృహిణులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఉద్యోగం మానకుండా, ఇల్లు మారకుండా, తమ విశ్వాసాన్ని పక్కన పెట్టనవసరం లేని చోట కౌన్సెలింగ్‌లో డాక్టరేట్ చేయవచ్చా అన్నదే ఆ ప్రశ్న. చేయవచ్చు. అయితే వర్జీనియాలోని లిబర్టీ, రీజెంట్, కెంటకీలోని కంబర్‌ల్యాండ్స్ వంటి క్రైస్తవ విశ్వవిద్యాలయాల పేర్లు విని, ప్రకటన చూసి నేరుగా దరఖాస్తు నింపడం మాత్రం సరైన క్రమం కాదు. చేయవలసిన పనులను వరుసగా కింద రాస్తున్నాను.

ముందు ఒక స్పష్టత అవసరం. ఇక్కడ మాట్లాడుతున్నది కౌన్సెలర్ ఎడ్యుకేషన్ అండ్ సూపర్‌విజన్, అంటే సీఈఎస్ అనే డాక్టరేట్ గురించి. ఇది రేపటి కౌన్సెలర్లకు పాఠం చెప్పేవారిని, వారి పనిని పర్యవేక్షించేవారిని తయారుచేసే చదువు. సైకాలజిస్ట్ లైసెన్సు కావాలనుకునేవారికి ఇది దారి కాదు. వారు క్లినికల్ లేదా కౌన్సెలింగ్ సైకాలజీ డాక్టరేట్ వైపు చూడాలి. పాస్టోరల్ కౌన్సెలింగ్‌లో డాక్టర్ ఆఫ్ మినిస్ట్రీ కూడా దీనికి ప్రత్యామ్నాయం కాదు. అది సంఘ పరిచర్యకు పనికివచ్చే మంచి పట్టాయే కానీ, దానితో కౌన్సెలింగ్ విభాగంలో అధ్యాపక ఉద్యోగం ఆశించడం పొరపాటు.

దగ్గర ఉంచుకోవలసినవి

మాస్టర్స్ మార్కుల పట్టికలు, ఒక్కో కోర్సు సిలబస్, ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో క్లయింట్లతో చేసే తొలి శిక్షణ), ఇంటర్న్‌షిప్ గంటల నమోదు పత్రాలు, లైసెన్సు ఉంటే దాని నకలు, మీ క్లినికల్ పనిని స్వయంగా చూసిన ఒకరితో సహా సిఫారసు లేఖలు ఇవ్వగలిగిన ఇద్దరు ముగ్గురు, మీరు సొంతంగా రాసిన ఒక అకడమిక్ వ్యాసం ఉండాలి. వీటికి తోడు వారానికి కనీసం రెండు పూటల నిరాటంకమైన సమయం కావాలి. ఆన్‌లైన్ అన్నంత మాత్రాన అర్ధరాత్రి ఎప్పుడో ఒకప్పుడు చదువుకోవచ్చని అనుకోకండి. చాలా కార్యక్రమాల్లో కొన్ని తరగతులు నిర్ణీత సమయానికి ప్రత్యక్షంగా జరుగుతాయి, కొన్నింటిలో ఏడాదికి కొన్ని రోజులపాటు క్యాంపస్‌కు వెళ్లి హాజరు కావాలి.

1. పట్టాను ఎక్కడ వాడతారో ముందు కాగితం మీద రాయండి

ఈ మెట్టును ఎక్కువమంది దాటవేస్తారు. అమెరికాలో అధ్యాపకులుగా చేరాలా, క్లినిక్‌లో సూపర్‌వైజర్‌గా ఎదగాలా, లేక కొన్నేళ్లకు హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగివచ్చి కళాశాలలో బోధించాలా అన్నది ఒక్క వాక్యంలో రాసుకోండి. మిగతా నిర్ణయాలన్నీ ఆ వాక్యం మీదే ఆధారపడతాయి.

ఇండియాలో విశ్వవిద్యాలయ ఉద్యోగమే మీ లక్ష్యమైతే ఇక్కడే ఆగి ఆలోచించండి. యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు ఆన్‌లైన్, దూరవిద్య విధానాల్లో పీహెచ్‌డీని అనుమతించవు. విదేశీ విద్యాసంస్థలు ఎడ్‌టెక్ కంపెనీలతో కలిసి ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022 అక్టోబరులో ఉమ్మడిగా హెచ్చరించాయి కూడా. అమెరికాలో ఎంత గౌరవమున్న పట్టా అయినా, ఇక్కడి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అది చెల్లుతుందన్న నమ్మకంతో లక్షలు ఖర్చుపెట్టకండి. ఇండియాలోనే ఉండి, విశ్వాస నేపథ్యమున్న సంస్థలోనే చదవాలనుకునేవారు బెంగళూరులోని క్రైస్ట్ విశ్వవిద్యాలయం వంటి చోట రెగ్యులర్ సైకాలజీ పీహెచ్‌డీని, వేదాంత నేపథ్యం ఉన్నవారు సెరంపూర్ విశ్వవిద్యాలయ పరిధిలోని పాస్టోరల్ కౌన్సెలింగ్ చదువులను పరిశీలించడం మేలు. ఇక్కడి నుంచి రాసేదంతా అమెరికాలో పట్టాను వాడదలచినవారి కోసం.

2. రెండు గుర్తింపులను విడివిడిగా సరిచూడండి

మొదటిది విశ్వవిద్యాలయానికి ఉండే సంస్థాగత గుర్తింపు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఎక్కువగా కనిపించే ఎస్ఏసీఎస్‌సీఓసీ, మధ్య రాష్ట్రాల్లో హెచ్ఎల్‌సీ దీన్ని ఇచ్చే సంస్థలు. దీన్ని అమెరికా విద్యాశాఖ డేటాబేస్‌లో గానీ, ఉన్నత విద్యా గుర్తింపు మండలి సీహెచ్ఈఏ జాబితాలో గానీ విశ్వవిద్యాలయం పేరుతో వెతకండి. రెండోది కౌన్సెలింగ్ కార్యక్రమానికి ప్రత్యేకంగా ఇచ్చే కేక్రెప్ (CACREP) గుర్తింపు. 1981లో ఏర్పడిన ఈ మండలి కౌన్సెలింగ్ చదువులకు ప్రమాణాలు నిర్ణయిస్తుంది. ఇప్పుడు అమల్లో ఉన్న ప్రమాణాలు 2024 జూలై నుంచి వచ్చాయి.

కేక్రెప్ ఎందుకు ముఖ్యమో ఒక నియమం చెబుతుంది. ఆ గుర్తింపు ఉన్న విభాగంలో 2013 జూలై 1 తర్వాత కొత్తగా చేరే కోర్ అధ్యాపకులకు కౌన్సెలర్ ఎడ్యుకేషన్‌లోనే డాక్టరేట్ ఉండాలి, అది కేక్రెప్ గుర్తింపు పొందినదైతే మరీ మంచిది. అంతకుముందే పూర్తికాలం బోధిస్తూ ఉన్నవారికి మాత్రమే వేరే డాక్టరేట్‌తో మినహాయింపు దొరికింది. బోధనే మీ లక్ష్యమైతే ఈ ఒక్క నియమం మీ ఎంపికను చాలావరకు నిర్ణయించేస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఒక విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ కార్యక్రమానికి కేక్రెప్ ఉండి, డాక్టరేట్‌కు లేకపోవచ్చు. కనుక కేక్రెప్ డైరెక్టరీలో విశ్వవిద్యాలయం పేరు కనిపించగానే తృప్తిపడకుండా, దాని కింద కౌన్సెలర్ ఎడ్యుకేషన్ అండ్ సూపర్‌విజన్ అన్న వరుస విడిగా ఉందో లేదో, దాని ఎదురుగా ఉన్న గడువు తేదీ ఏమిటో చూడండి. పూర్తి గుర్తింపు ఎనిమిదేళ్లకు, షరతులతో కూడినది రెండేళ్లకు ఇస్తారు. రెండేళ్ల గడువు కనిపిస్తే దరఖాస్తు మానుకోనవసరం లేదు కానీ, ఏ లోపాలను సరిదిద్దమన్నారని విభాగాన్ని తప్పక అడగండి. రెండో పొరపాటు, బైబిలు కళాశాలలకు గుర్తింపునిచ్చే ఏబీహెచ్ఈ, ట్రాక్స్ వంటి సంస్థల పేరు చూసి కేక్రెప్ అక్కర్లేదనుకోవడం. అవి సంస్థకు గుర్తింపునిచ్చే నిజమైన సంస్థలే. కానీ కౌన్సెలింగ్ శిక్షణ నాణ్యతను తూచే పని వాటిది కాదు.

మన తెలుగు సంఘాల్లో ఒక అలవాటు గురించి బాధతోనే రాయాలి. ఎవరికీ తెలియని సంస్థల నుంచి రుసుము కట్టి గౌరవ డాక్టరేటు తెచ్చుకుని పేరు ముందు డాక్టర్ అని పెట్టుకునే ధోరణి పెరిగింది. ఆ బిరుదుతో ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్న యువకుడికో, హింసకు గురవుతున్న ఇల్లాలికో కౌన్సెలింగ్ మొదలుపెడితే నష్టపోయేది వారే. మీరు అడిగిన సంస్థ ఆరు నెలల్లో పీహెచ్‌డీ ఇస్తామన్నా, క్లయింట్లతో పని గురించి ఒక్క మాట చెప్పకపోయినా ఆ సంభాషణను అక్కడితో ముగించండి.

3. మాస్టర్స్‌లో ఉన్న లోటును ముందే లెక్కవేయండి

కేక్రెప్ ప్రమాణాల ప్రకారం ప్రవేశస్థాయి మాస్టర్స్ 60 సెమిస్టర్ క్రెడిట్లు. అందులో 100 గంటల ప్రాక్టికమ్ ఉంటుంది, వాటిలో 40 నేరుగా క్లయింట్లతో గడపాలి. ఆ తర్వాత 600 గంటల ఇంటర్న్‌షిప్‌లో 240 గంటలు నేరుగా క్లయింట్లతోనే ఉండాలి. ఇండియాలో చేసిన ఎంఏ, ఎంఎస్సీ సైకాలజీ పట్టాల్లో సిద్ధాంతం, గణాంక పద్ధతులు బలంగా ఉన్నా ఈ గంటలు దాదాపు ఉండవు.

ఒక కాగితాన్ని నిలువుగా రెండుగా విభజించండి. ఎడమవైపు ఎనిమిది మూల విషయాలు రాయండి: వృత్తి నీతి, సామాజిక సాంస్కృతిక భేదాలు, జీవితకాల వికాసం, వృత్తి ఎంపిక మార్గదర్శనం, కౌన్సెలింగ్ నైపుణ్యాలు, గ్రూప్ కౌన్సెలింగ్, మూల్యాంకనం, పరిశోధన. కుడివైపు మీరు చదివిన కోర్సుల్లో ఏది దేనికి సరిపోతుందో రాయండి. విదేశీ పట్టాను కోర్సువారీగా లెక్కగట్టే డబ్ల్యూఈఎస్ వంటి సంస్థ నివేదికను దీనికి జతచేసి విభాగానికి పంపండి. ఖాళీగా మిగిలిన వరుసలను డాక్టరేట్‌తోపాటు పూర్తిచేయనిస్తారా, ముందే పూర్తిచేయాలా అన్నది లిఖితపూర్వకంగా తెలుసుకోండి. లోటు మూడు నాలుగు కోర్సులను మించితే, రెండో మాస్టర్స్‌గా కేక్రెప్ గుర్తింపున్న క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ చేసి లైసెన్సు పొందిన తర్వాతే డాక్టరేట్‌కు రావడం మంచిదని నా అభిప్రాయం. క్లయింట్ల ఎదుట తగినంత కాలం కూర్చోనివారు ఇతరుల పనిని పర్యవేక్షించడం ఎవరికీ క్షేమం కాదు.

4. విశ్వాస ప్రకటనను పూర్తిగా చదివిన తర్వాతే సంతకం చేయండి

విశ్వాస ఆధారిత సంస్థలన్నీ ఒకేలా ఉండవు. కొన్ని అధ్యాపకుల చేత మాత్రమే సిద్ధాంత ప్రకటన మీద సంతకం చేయిస్తాయి. కొన్ని విద్యార్థులకు ప్రవర్తనా నియమావళి పెడతాయి. మరికొన్ని ప్రవేశ వ్యాసంలోనే మీ విశ్వాస ప్రయాణాన్ని రాయమంటాయి. క్రైస్తవేతరులను చేర్చుకునే సంస్థలూ ఉన్నాయి కనుక హిందూ, ముస్లిం పాఠకులు ముందే వెనకడుగు వేయనవసరం లేదు. అయితే కోర్సుల్లో బైబిలు దృక్కోణంతో వ్యాసాలు రాయవలసి రావచ్చని తెలిసి చేరాలి. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి: మతపరమైన విద్యాసంస్థలు తమ విశ్వాసానికి చెందినవారినే ఉద్యోగాల్లోకి తీసుకునేందుకు 1964 నాటి పౌరహక్కుల చట్టంలో మినహాయింపు ఉంది. చదువుకోవడానికి తలుపు తెరిచిన విశ్వవిద్యాలయమే బోధించడానికి తెరవకపోవచ్చు.

క్రైస్తవ పాఠకులు చదవవలసిన రెండో పత్రం అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నీతి నియమావళి. కౌన్సెలర్ తన విలువలను క్లయింట్ మీద రుద్దకూడదని, తన వ్యక్తిగత విలువల కారణంగా మాత్రమే క్లయింట్‌ను మరొకరి దగ్గరకు పంపకూడదని అది స్పష్టంగా చెబుతుంది. ఈ అంశం మీద కోర్టుల్లో వాదాలు జరిగాయి. టెనెసీ రాష్ట్రం 2016లో కౌన్సెలర్లకు మినహాయింపునిస్తూ చట్టం చేస్తే, అసోసియేషన్ నిరసనగా తన 2017 వార్షిక సదస్సును నాష్‌విల్ నుంచి తరలించింది. మీ అభిప్రాయం ఏదైనా, చేరబోయే కార్యక్రమం ఈ నియమాన్ని తరగతిలో ఎలా బోధిస్తుందో ఇంటర్వ్యూలోనే అడగండి. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగలిగిన విభాగాన్ని నమ్మవచ్చు. మాట దాటవేసే చోట మీరు సంవత్సరాల తరబడి అదే అయోమయంలో చదవవలసి వస్తుంది.

5. వీసా, రుసుము లెక్క తేల్చుకోండి

పూర్తిగా ఆన్‌లైన్ కార్యక్రమం మీద విద్యార్థి వీసా రాదు; ఎఫ్-1 నిబంధనల ప్రకారం ఒక టర్మ్‌లో ఒక ఆన్‌లైన్ తరగతి, అంటే మూడు క్రెడిట్ల వరకే పూర్తికాల చదువు లెక్కలోకి వస్తుంది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాముల వీసా) మీద ఉన్నవారు చదువుకోవచ్చు. ఎఫ్-2 (ఎఫ్-1 విద్యార్థుల జీవిత భాగస్వాముల వీసా) మీద ఉన్నవారికి పాక్షిక చదువు మాత్రమే అనుమతి. అందరూ మరిచిపోయేది ఇంటర్న్‌షిప్ సంగతి. పని అనుమతి లేని వీసా మీద జీతం లేకుండా చేసే ఇంటర్న్‌షిప్ కూడా చిక్కులు తేవచ్చు కాబట్టి, చేరకముందే ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడిగి లిఖితపూర్వక సలహా తీసుకోండి.

ఫెడరల్ రుణాలు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి దొరుకుతాయి. 2025లో వచ్చిన చట్టంతో, 2026 జూలై 1 నుంచి కొత్తగా రుణం తీసుకునే గ్రాడ్యుయేట్ విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణం అందుబాటులో ఉండదు. మిగిలిన రుణానికి ఏడాదికి 20,500 డాలర్ల పరిమితి ఉంది. ప్రకటనలో కనిపించే క్రెడిట్ రుసుముకు క్యాంపస్ ప్రయాణాలు, బస, సెషన్లను రికార్డు చేసే వేదిక చందా, బీమా, డిసర్టేషన్ (పీహెచ్‌డీ పరిశోధన గ్రంథం) పొడిగింపు టర్మ్‌ల రుసుము కలిపి లెక్క వేయండి. చివరిది చాలా కుటుంబాల బడ్జెట్‌ను తలకిందులు చేస్తుంది.

6. ప్రవేశ వ్యాసంలో సాక్ష్యం కంటే పని కనిపించాలి

సంఘంలో సాక్ష్యం చెప్పే అలవాటున్నవారు వ్యాసంలో కూడా మారుమనస్సు పొందిన సందర్భానికే రెండు పేజీలు కేటాయిస్తారు. కమిటీ తెలుసుకోవాలనుకునేది వేరు. మీరు ఎలాంటి క్లయింట్లతో పనిచేశారు, ఏ ప్రశ్న మిమ్మల్ని పరిశోధన వైపు నడిపిస్తోంది, మీతో విభేదించే విద్యార్థికి ఎలా బోధిస్తారు అన్నవే వారికి ముఖ్యం. "దేవుని పిలుపు వల్ల కౌన్సెలింగ్ ఎంచుకున్నాను" అని రాసి ఆపితే వ్యాసం అక్కడే నిలిచిపోతుంది. అదే వాక్యాన్ని ఇలా కొనసాగించి చూడండి: "మా సంఘంలో డిప్రెషన్‌ను విశ్వాస లోపంగా చూడటం వల్ల కుటుంబాలు వైద్యానికి ఆలస్యంగా వస్తున్నాయి. కాపరులకు, కౌన్సెలర్లకు మధ్య రిఫరల్ ఎలా జరుగుతుందో అధ్యయనం చేయాలనుకుంటున్నాను." విశ్వాసం అలాగే ఉంది, దానికి ఒక పరిశోధన ప్రశ్న తోడైంది.

సరిచూసుకోవడం సులభం. వ్యాసాన్ని మీ విశ్వాసం పంచుకోని ఒక స్నేహితుడికి ఇవ్వండి. మీరు ఏం చదవబోతున్నారో ఆయన రెండు వాక్యాల్లో తిరిగి చెప్పగలిగితే అది సిద్ధమైనట్టే.

7. ప్రాక్టికమ్, ఇంటర్న్‌షిప్ స్థలాన్ని ఏడాది ముందే వెతకండి

డాక్టరేట్ స్థాయిలో మళ్లీ 100 గంటల ప్రాక్టికమ్ ఉంటుంది, అందులో 40 నేరుగా క్లయింట్లతో. తర్వాత 600 గంటల ఇంటర్న్‌షిప్. కౌన్సెలింగ్, సూపర్‌విజన్, బోధన, పరిశోధన, నాయకత్వం అనే ఐదు రంగాల్లో కనీసం మూడింటిని ఇది కవర్ చేయాలి. చాలామంది 600 గంటలూ క్లినిక్‌లోనే గడిపేయాలని చూస్తారు, ఎందుకంటే అక్కడ జీతం వస్తుంది. అలా చేస్తే పట్టా చేతికొచ్చినా బోధన అనుభవం శూన్యంగా మిగులుతుంది. ఉద్యోగ ఇంటర్వ్యూలో ఒక నమూనా తరగతి చెప్పమన్నప్పుడు ఆ లోటు బయటపడుతుంది.

ఆన్‌లైన్ విద్యార్థులు తమ స్థలాన్ని తామే వెతుక్కోవలసి వస్తుంది. క్లయింట్ ఏ రాష్ట్రంలో కూర్చుని మాట్లాడుతున్నారో ఆ రాష్ట్ర లైసెన్సు నియమాలే వర్తిస్తాయి. డాలస్‌లో ఉన్న మీరు న్యూజెర్సీలోని తెలుగు కుటుంబానికి వీడియోలో కౌన్సెలింగ్ చేసి వాటిని గంటల్లో చూపించలేరు. ఒక రాష్ట్ర లైసెన్సు ఉన్న కౌన్సెలర్ ఇతర సభ్య రాష్ట్రాల్లోనూ పనిచేసే వీలు కల్పించే, ముప్పైకి పైగా రాష్ట్రాలు చేరిన కౌన్సెలింగ్ కాంపాక్ట్ అనే ఒప్పందం వల్ల ఇది క్రమంగా మారుతుంది కానీ, మీ రాష్ట్రంలో అది అమల్లోకి వచ్చిందో లేదో బోర్డు వెబ్‌సైటులో చూడకుండా ముందుకు వెళ్లకండి. వృత్తిపరమైన బాధ్యతా బీమా మీ పేరుతో ఉండాలి.

మీ సొంత చర్చినే స్థలంగా ఎంచుకోవడం సులభమనిపిస్తుంది. వీలైనంతవరకు మానుకోమని గట్టిగా చెబుతాను. తెలుగు సమాజం చిన్నది. మంగళవారం మీ ఎదుట కూర్చుని దాంపత్య సమస్య చెప్పుకున్న ఆవిడ ఆదివారం ఆరాధనలో మీ పక్క వరుసలో ఉంటారు, ఉగాది వేడుకల్లో మీ అత్తగారితో మాట్లాడతారు. మీరు నోరు విప్పకపోయినా ఆవిడ మీ ముఖాన్ని గమనిస్తూనే ఉంటారు. చర్చి తప్ప వేరే దారి లేని ఊరిలో ఉంటే, మరో సంఘానికి చెందిన కౌన్సెలింగ్ కేంద్రాన్ని ఎంచుకుని, పరిచయస్తులను తీసుకోబోమని ఒప్పంద పత్రంలోనే రాయించుకోండి.

గంటలను వారం వారం నమోదు చేసి అదే వారంలో సూపర్‌వైజర్ సంతకం తీసుకోండి. ఒక వరుసలో తేదీ, నేరుగా క్లయింట్‌తో గడిపిన నిమిషాలు, పరోక్ష పని, వ్యక్తిగత సూపర్‌విజన్, గ్రూప్ సూపర్‌విజన్ విడివిడిగా ఉండాలి. రాకుండా పోయిన క్లయింట్ కోసం వేచిచూసిన గంటను నేరుగా క్లయింట్‌తో గడిపిన గంటగా రాయడం తరచుగా కనిపించే తప్పు. తనిఖీలో అది కొట్టివేయబడుతుంది, దానితోపాటు మిగతా నమోదు మీద కూడా అనుమానం వస్తుంది.

8. సూపర్‌విజన్ కోర్సులో వినడం నేర్చుకోండి

ఈ చదువులో అసలు విలువ ఇక్కడే ఉందని నా నమ్మకం. మాస్టర్స్ విద్యార్థి తన సెషన్‌ను రికార్డు చేసి ఇస్తాడు, మీరు దాన్ని చూసి అతనితో కూర్చుంటారు, మీరు అతనితో కూర్చున్న తీరును మీ అధ్యాపకులు చూస్తారు. మూడు అంచెల ఈ పనిలో విశ్వాసం ఎలా అడ్డుపడగలదో, ఎలా తోడ్పడగలదో ఒక ఊహాత్మక ఉదాహరణతో చెబుతాను.

భర్తను కోల్పోయిన క్లయింట్ "దేవుడు నన్ను వదిలేశాడు" అంటుంది. విద్యార్థి ఆ వెంటనే, ఎంతో ప్రేమగా, "దేవుడు ఎవరినీ వదలడండి" అంటాడు. ఆవిడ "అవును, తెలుసు" అని తలూపి, ఇంటి అద్దె సంగతికి మళ్లుతుంది. కొత్త సూపర్‌వైజర్లు ఇక్కడ రెండు విధాలుగా తప్పు చేస్తారు. కొందరు విద్యార్థి చెప్పిన వేదాంతం సరైనదేనా అని చర్చ పెడతారు. మరికొందరు మతం మాట ఎత్తడమే తప్పని మందలిస్తారు. రికార్డింగును సరిగ్గా ఆ రెండు వాక్యాల దగ్గర ఆపండి. "ఆవిడ గొంతు ఎక్కడ మారింది? అద్దె గురించి మాట్లాడటం ఎందుకు మొదలుపెట్టింది? ఆ మాట విన్న క్షణంలో మీకు ఏమనిపించింది?" అని అడగండి. వదిలేశాడన్న మాటను భరించలేకపోయింది తానేనని విద్యార్థి తనంతట తాను గుర్తిస్తే, తర్వాతి సెషన్‌లో "వదిలేశాడని మీకు అనిపించిన రోజు గురించి చెబుతారా" అని అడగగలుగుతాడు. అప్పుడే ఆవిడ విశ్వాసానికి ఆ గదిలో నిజంగా చోటు దొరుకుతుంది.

దీనికి ఆధారంగా అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్‌లోని ఆసెర్విక్ అనే విభాగం రూపొందించిన 14 ఆధ్యాత్మిక సామర్థ్యాల పత్రాన్ని దగ్గర ఉంచుకోండి. విద్యార్థి ఏ సామర్థ్యంలో బలహీనంగా ఉన్నాడో పేరు పెట్టి చెప్పడానికి అది ఉపయోగపడుతుంది. సూపర్‌వైజర్ ఉపాధ్యాయుడిగా, కౌన్సెలర్‌గా, సలహాదారుగా మూడు పాత్రల మధ్య మారుతూ ఉండాలని చెప్పే 1979 నాటి డిస్క్రిమినేషన్ మోడల్‌తో మొదలుపెట్టడం తేలిక. ప్రార్థన విషయంలో ఒక్క నియమం చాలు: క్లయింట్ కోరితే, ముందే సమ్మతి పత్రంలో చర్చించి ఉంటే, అది క్లయింట్ అవసరమే తప్ప కౌన్సెలర్ అలవాటు కానప్పుడే చేయాలి. సెషన్ మొదట్లో ఆనవాయితీగా ప్రార్థించే విద్యార్థిని కారణం అడగండి.

రికార్డింగులను ఫోన్‌లో దాచుకోవడం, వాట్సాప్‌లో పంపడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి, చేయనివ్వకండి. విశ్వవిద్యాలయం ఇచ్చిన సురక్షిత వేదికలోనే ఉంచి, గడువు ముగియగానే తొలగించారో లేదో చూడండి.

మీరు సూపర్‌వైజర్‌గా ఎదుగుతున్నారా అని తెలుసుకోవడానికి మీ సొంత సూపర్‌విజన్ రికార్డింగులో ఎవరు ఎక్కువ మాట్లాడారో నిమిషాల్లో లెక్కించండి. సగానికి పైగా మీ గొంతే వినిపిస్తే, మరుసటి వారం ప్రశ్నలతోనే నడపడానికి ప్రయత్నించండి.

9. డిసర్టేషన్ అంశాన్ని మొదటి ఏడాదిలోనే చిన్నదిగా చేయండి

ఆన్‌లైన్ డాక్టరేట్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. కోర్సులు ఉన్నంతకాలం గడువులు నడిపిస్తాయి. ఆ తర్వాత మీరు, మీ చైర్ (డిసర్టేషన్‌ను నడిపించే అధ్యాపకులు), ఒక ఖాళీ పేజీ మిగులుతారు. చేరకముందే ఒక్కో అధ్యాపకుని కింద ఎంతమంది డిసర్టేషన్ విద్యార్థులున్నారో అడగండి. ఒక చిత్తుప్రతి చదవడానికి ఎన్ని వారాలు పడుతుందో కూడా తెలుసుకోండి. "తెలుగు క్రైస్తవుల మానసిక ఆరోగ్యం" అన్నది అంశం కాదు. "టెక్సాస్‌లోని తెలుగు సంఘాల కాపరులు సభ్యులను లైసెన్సున్న కౌన్సెలర్ల దగ్గరకు పంపే నిర్ణయం ఎలా తీసుకుంటారు" అన్నది అంశం.

మనుషులతో చేసే ఏ పరిశోధనకైనా ఐఆర్‌బీ (విశ్వవిద్యాలయ పరిశోధన నీతి కమిటీ) అనుమతి రాకముందు ఒక్క ఇంటర్వ్యూ కూడా చేయకండి, పరిచయస్తులతో చేసే ప్రయోగ ఇంటర్వ్యూలతో సహా. తెలుగులో సమ్మతి పత్రం ఇస్తే, దాన్ని ఒకరు తెలుగు చేసి మరొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి రెండూ సరిపోల్చాలి. కాపరి చెప్పాడు కనుక సభ్యులంతా సంతకం పెట్టేస్తే అది స్వచ్ఛంద సమ్మతి కాదు. కాపరిని పక్కన పెట్టి సభ్యులను నేరుగా ఆహ్వానించే మార్గాన్ని ఐఆర్‌బీ దరఖాస్తులోనే చూపించండి.

10. దరఖాస్తు రుసుము కట్టే ముందు విభాగానికి పంపవలసిన ప్రశ్నలు

ఈ ప్రశ్నలను ఫోన్‌లో ప్రవేశ సలహాదారును కాకుండా, ఈమెయిల్‌లో కార్యక్రమ సంచాలకులను అడగండి. సలహాదారుల పని మిమ్మల్ని చేర్పించడం, సంచాలకుల పని మిమ్మల్ని పూర్తి చేయించడం. జవాబులను పట్టా చేతికొచ్చేవరకు భద్రపరచండి.

డాక్టరేట్‌కు కేక్రెప్ గుర్తింపు ఏ తేదీ వరకు ఉంది? నా రాష్ట్రంలో నివసించే విద్యార్థిని చేర్చుకుంటారా? క్యాంపస్‌కు మొత్తం ఎన్నిసార్లు రావాలి, రాలేని పరిస్థితి వస్తే ఏమవుతుంది? ఇంటర్న్‌షిప్ స్థలం దొరకకపోతే విభాగం ఏ సహాయం చేస్తుంది? గత కొన్నేళ్లలో చేరినవారిలో ఎంతమంది పూర్తిచేశారు, వారిలో బోధనలో ఉన్నవారెందరు? కేక్రెప్ గుర్తింపున్న కార్యక్రమాలు ఏటా ఫలితాల నివేదికను బహిరంగంగా ఉంచాలి కనుక ఈ చివరి ప్రశ్నకు వారు ఇచ్చే జవాబును ఆ నివేదికతో పోల్చి చూడండి. రెండూ కలవకపోతే ఏ అంకె సరైనదని తిరిగి రాయండి, సరైన వివరణ వచ్చేవరకు రుసుము కట్టకండి.